మామయ్య సొంత గొంతు

మస్తాన్ బాబాయ్ పోయాడని కబురొస్తే పోయిన నెల చిలకలూరిపేట వెళ్ళాను. నేను చేరేసరికే మగవాళ్ళు ఆయన్ని మట్టిచేసి వచ్చేశారు. వాకిట్లో షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. ఆయన మనవడు, చెవికి పోగు పెట్టుకున్న కాలేజీ కుర్రాడు, నాకు టీ గ్లాసు అందించి పక్కనే కూలబడ్డాడు. "నానమ్మా, మా తాతా మీరూ కలిసి హార్డ్‌కోర్ పంక్ బ్యాండ్ పెట్టారంట, నిజమేనా? తాత చెప్తే కోతలనుకున్నా," అంటూ ఫోనులో ఏదో పాట పెట్టి నా చెవి దగ్గర ఉంచాడు. ఎవరో తెల్లవాడు గొంతు చించుకుంటున్నాడు. వెనకాల డ్రమ్ములు ఆగకుండా మోగుతున్నాయి. నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. "నిజమే నాన్నా. కాకపోతే మాకు దాని పేరు తెలీదు, అరుపుల పాటలు అనుకునేవాళ్ళం," అన్నాను. ఇంకేదో చెప్పబోతే ఏడుపొచ్చింది. అందరూ మస్తాన్ బాబాయ్ కోసమనుకుని నా భుజం తట్టారు. ఆయన కోసం కూడా ఏడ్చాను, అబద్ధం చెప్పను. కానీ ఆ కన్నీళ్ళలో ఎక్కువ భాగం మా దేవసహాయం మామయ్యవి.

మామయ్య మా అమ్మకి తమ్ముడు. గుంటూరులో మిరప యార్డుకి కాస్త ఇవతల, ఒకే సందులో మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ ఎదురెదురుగా ఉండేవి. ఆయన ఆర్కెస్ట్రాలో గాయకుడు. ఇప్పటి పిల్లలకి ఆర్కెస్ట్రా అంటే ఏమిటో కూడా విడమరిచి చెప్పాల్సి వస్తోంది. పెళ్ళిళ్ళకీ తిరణాళ్ళకీ స్టేజీ కట్టి, డ్రమ్ములూ గిటారూ పెట్టుకుని సినిమా పాటలు పాడే జట్టు అది. అందులో ఆడగొంతు పాటలు నేను పాడేదాన్ని. పాట రికార్డులో ఎలా ఉందో అలాగే పాడాలి, ఒక్క విరుపు కూడా పక్కకి పోకూడదు. ఆ విద్యలో మామయ్యని మించినవాడు రెండు జిల్లాల్లో లేడు. ఏ గాయకుడి పాటైతే ఆ గాయకుడి గొంతే దిగేది. ఒకాయన పాటకి గడ్డం ఛాతీకి ఆనించేవాడు, ఒకాయన పాటకి కుడిచేత్తో చెవి మూసుకునేవాడు, ఇంకొకాయనకి మునివేళ్ళ మీద లేచేవాడు. జనం కళ్ళు మూసుకుని విని, "అచ్చం రేడియోనేరా" అనేవాళ్ళు. అంతకు మించిన మెప్పు ఆ రోజుల్లో మాకెవరికీ తెలీదు.

పగటిపూట ఆయన పని మైకు రిక్షాలో. కొత్త సినిమా వచ్చినా, బట్టల కొట్టు తెరిచినా, పురుగుమందుల వాళ్ళు పల్లెల్లో ప్రచారం పెట్టించినా, రిక్షాలో కూర్చుని హీరో గొంతుతో ఊరూరా చెప్పుకుంటూ తిరిగేవాడు. ఇంట్లోనూ అదే తంతు. పాలవాడితో విలన్ గొంతు, నాతో కమెడియన్ గొంతు. చర్చిలో ప్రత్యేక పాట పాడమంటే అదీ ఏదో సినిమా గొంతులోనే వచ్చేది. "దేవుడి దగ్గర కూడా మిమిక్రీయేనా దేవసహాయం?" అని పాస్టరుగారు ఓసారి ఆరాధన అయ్యాక మందలించారు. "ఆయనకి తెలీదా అండీ నేనెవరో," అని మామయ్య జవాబు, అది కూడా ఒక పేరున్న నటుడి గొంతులో. పాస్టరుగారే నవ్వేశారు. "మీ మామయ్య పెళ్ళిచూపుల్లో కూడా హీరో గొంతుతోనే మాట్లాడాడే. పెళ్ళయ్యాక అసలు గొంతు బయటికొస్తదేమోనని చూశా. ఇంకా చూస్తానే ఉన్నా," అనేది సుగుణ అత్తయ్య. మేమంతా విరగబడి నవ్వేవాళ్ళం. ఆవిడ మాత్రం కొంచెం తక్కువ నవ్వేది.

ఆ ఇంటి పొద్దులు నాకు చెవుల్లోనూ ముక్కులోనూ ఉండిపోయాయి. తెల్లారగానే పెరట్లో మామయ్య ఉప్పునీళ్ళు పుక్కిలించే చప్పుడు. తర్వాత దవడన మిరియాలూ పటికబెల్లం పెట్టుకుని, మెడకి మఫ్లరు చుట్టుకుని, రాత్రి ప్రోగ్రాము ఉన్న రోజైతే మధ్యాహ్నం దాకా ఎవరితోనూ గట్టిగా మాట్లాడేవాడు కాదు. రోహిణి ఎండల్లో కూడా ఐసు ముట్టడు, పెరుగు తినడు. "గొంతు దేవుడిచ్చిన సొమ్మురా, దాన్ని కరగదీస్తే మళ్ళీ రాదు" అనేవాడు. అత్తయ్య మిరపకాయలకి తొడాలు తీసే పనికి పోయేది. సాయంత్రం ఆవిడ సందు మలుపు తిరగకముందే ఘాటు వచ్చేసేది. వచ్చాక చేతులకి మజ్జిగ రాసుకుని అరుగు మీద కూర్చునేది. ఆ మంట చల్లారేదాకా చంటిపిల్లల్ని ఎత్తుకునేది కాదు, కళ్ళు తుడుచుకునేది కాదు. సీజన్లో మా సందు సందంతా దగ్గేది. కొత్తగా వచ్చిన చుట్టాలు ఉక్కిరిబిక్కిరి అవుతుంటే, "రెండు రోజులుంటే అలవాటైపోద్దిలే" అని మంచినీళ్ళిచ్చేవాళ్ళం. మా దగ్గర దగ్గు రోగం కాదు, పలకరింపు.

అందుకే మామయ్య దగ్గడం మొదలుపెడితే ఎవరూ పట్టించుకోలేదు. గొంతు బొంగురుపోతే మిరప ఘాటనుకున్నాం. ఆ బొంగురు గొంతుతో విలన్ డైలాగులు ఇంకా బాగా వస్తున్నాయని జనం ఈలలు వేశారు కూడా. అత్తయ్య ఒక్కతే కంగారుపడింది, ఆ కంగారు కూడా దారి తప్పిందే. తన ఒంటి మీది ఘాటే ఆయన గొంతు పడుతోందనుకుంది. పనినుంచి వచ్చి పెరట్లోనే స్నానం చేసి, చీర అక్కడే దండెం మీద వదిలేసి, వేరే చీర కట్టుకుని గాని గడప దాటేది కాదు. పడక వరండాలోకి మార్చుకుంది. మిరపకాయల కాలం వెళ్ళిపోయింది, వానలు పడ్డాయి, దగ్గు మాత్రం పోలేదు. కోల్డ్ స్టోరేజీల్లో పని ఏడాది పొడుగునా ఉంటుంది కదా, ఘాటూ అలాగే ఉందని సరిపెట్టుకున్నాం. గుంటూరు వాళ్ళం కాబట్టే అలా అనుకున్నాం. ఇంకే ఊళ్ళో ఉన్నా ఆ దగ్గు దగ్గులాగే వినపడేది.

తేడా కనిపెట్టింది సూర్యం మాస్టారు. ఆయన బ్రాడీపేటలో లెక్కల మాస్టారు, పురోహితుల ఇంటి బిడ్డ. మా ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాడు. ఇంట్లో పెద్దాయన చూస్తే గొడవని గిటారుని దుప్పట్లో చుట్టి స్కూటరు మీద తెచ్చుకునేవాడు. పైస్థాయిలో మామయ్య గొంతు ప్రతిసారీ ఒకే చోట తెగిపోతోందని పసిగట్టి, తనకి తెలిసిన గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. డాక్టరుగారు చిన్న అద్దం గొంతులో పెట్టి చూసి, "ఎన్నాళ్ళ నుంచి?" అన్నారు. "మిరపకాయల సీజన్ నుంచండి," అన్నాడు మామయ్య. "ఈ ఏటి సీజనేనా?" "కాదండి, పోయినేటిది." డాక్టరుగారు అద్దం పక్కన పెట్టేశారు. "మిరపకాయకి పుండు పడదయ్యా," అన్నారు మెల్లగా. స్వరపేటిక తీసెయ్యాలన్నారు. ప్రాణం నిలబడుతుంది, గొంతు మాత్రం ఉండదన్నారు. ఆ సాయంత్రం మా వరండాలో అమ్మకీ అత్తయ్యకీ ఆ సంగతి మామయ్యే చెప్పాడు. "బతుకుతానంట అక్కా. మాట పోద్దంట, అంతే." కమెడియన్ గొంతులో చెప్పాడు. ఆ గొంతుకి మేము నవ్వకపోవడం అదే మొదటిసారి.

ఆయన్ని నవ్వించాలనే సూర్యం మాస్టారు ఆ క్యాసెట్ తెచ్చాడు. రేడియోలో వచ్చే సినిమా పాటలు పట్టుకోవడానికి మద్రాసు ఫుట్‌పాత్ మీద ఖాళీ క్యాసెట్లు కొన్నాడట, వాటిలో ఒకటి ఖాళీ కాదు. దాని మీద పేరు లేదు, ఊరు లేదు. ఒక్కో పాటా మొదలైందనుకునేలోపు అయిపోతోంది. పాడేవాడు పాడటం లేదు, కేకలు పెడుతున్నాడు. ఆ రోజు మస్తాన్ బాబాయ్ కూడా ఉన్నాడు. ఆయన దూదేకుల కుటుంబం మనిషి, చిలకలూరిపేటలో పత్తి మిల్లు పని, పెళ్ళిళ్ళలో బ్యాండు మేళం, మా ఆర్కెస్ట్రాలో డ్రమ్ములు. "ఒరేయ్, ఇది పీర్ల పండగ దరువే గదరా! గుండం చుట్టూ తిరిగేటప్పుడు కొట్టేది!" అని తొడ మీద వాయించడం మొదలుపెట్టాడు. అందరం నవ్వుతున్నాం. మామయ్య మాత్రం తల దించుకుని వింటున్నాడు. "మళ్ళీ ఎయ్యండి," అన్నాడు. మళ్ళీ వేశారు. "మాస్టారూ, ఈయన ఎవర్ని చూసి నేర్చుకున్నాడంటారు?" అని అడిగాడు. "ఎవర్నీ చూసినట్టు లేదు దేవసహాయం. ఆయన గొంతు, ఆయనిష్టం." మామయ్య టేపు ఆపేశాడు. తర్వాత, "నాక్కూడా ఒకటి ఉండే ఉంటది గదండీ గొంతు. పోయేలోపు ఒక్కసారి అదేదో వినాలి. జనం కూడా వినాలి," అన్నాడు. ఎవరి గొంతులో అన్నాడో నాకు గుర్తులేదు. బహుశా గుసగుసగా అన్నాడు.

ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారి అన్నట్టు, నలభై దాటిన ముగ్గురు మగవాళ్ళూ, వాళ్ళతో డ్యూయెట్లు పాడుతూ పెరిగిన నేనూ కలిసి ఆ అరుపుల జట్టు కట్టాం. పేరు కొరివికారం. అత్తయ్య జాడీలో పెట్టే పండుమిరప పచ్చడి పేరు అది. ఈ పాటల్లో ఆడగొంతుకి చోటు లేదు కాబట్టి సూర్యం మాస్టారు నాకు బేస్ గిటారు నేర్పాడు. నాలుగు తీగలు, నా వేళ్ళకి బొబ్బలు. మాస్టారుకి పెద్ద కష్టం వచ్చిపడింది. "ఇన్నేళ్ళు సాధన చేసింది ఈ మూడు మెట్లు బాదడానికా అమ్మా," అని నాతో మొరపెట్టుకునేవాడు. చిరిగిన స్పీకరు గుండా గిటారు గరగరమంటే, బాగుచేయిద్దామని మొదటిరోజే విప్పబోయాడు. మామయ్య ఆపాడు. "దాన్నలాగే ఉండనీండి మాస్టారూ, దానికీ గొంతు పోయింది," అన్నాడు.

సాధన మస్తాన్ బాబాయ్ పనిచేసే పత్తి మిల్లులో. ఆ ఏడు తెల్లదోమ పత్తిని తినేసింది. ఆకులు జిగురుపట్టి నల్లబడిపోయాయి, మిల్లుకి సరుకు రాలేదు, షెడ్డు బోసిగా ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి పేట వెళ్ళేవాళ్ళం. గోడల మీదా దూలాల మీదా పాత దూది పేరుకుని ఉండేది. బాబాయ్ డ్రమ్ము కొట్టగానే అది మా నెత్తిన రాలేది. పాటలు మామయ్యే కట్టాడు, ఊపిరి అందినంత మేరకే ప్రతి పాటా. కరెంటు గురించి ఒకటి, తొడాలు తీసే చేతుల గురించి ఒకటి, చర్చిలో ముందు బెంచీ గురించి ఒకటి. దోమ మందు పాట ఒకటుంది. ఆ మందు గురించి మైకు రిక్షాలో ఊరూరా చెప్పింది మామయ్యే కదా. ఎంత కొట్టినా దోమ చావలేదు. ఆ మందే తాగి పోయినవాళ్ళ కబుర్లు అవే ఊళ్ళనుంచి వస్తుండేవి. "రైతు సోదరులారా! కొట్టు కొట్టు మందు కొట్టు, పొద్దున కొట్టు మాపున కొట్టు, చచ్చిందెవరు? దోమా? చచ్చిందెవరు? దోమా? నువ్వా?" అంతే పాట.

పాట కట్టడం తేలికే అయింది. గొంతే రాలేదు. కేక పెట్టమంటే మామయ్య నోట విలన్ కేక వచ్చేది, లేకపోతే కొడుకుని పోగొట్టుకున్న సినిమా తండ్రి కేక వచ్చేది. వారాల తరబడి అదే వరస. ఒక్కోసారి మైకు కింద పెట్టేసి దూది బస్తా మీద కూర్చుని, "లోపల ఎవడూ లేడు మాస్టారూ, ఖాళీ," అనేవాడు. చివరికి చిట్కా చెప్పింది మస్తాన్ బాబాయ్. "నీ చెయ్యి చెవి మీదకి పోయిందంటే ఎవడో ఒకడు వచ్చేస్తన్నాడు దేవసాయం. చేతులు రెండూ ఎనక్కి కట్టుకో. గడ్డం వంచమాక. కదలమాక. ఊరికే నిలబడి తిట్టు." మామయ్య చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. బడిలో తప్పు చేసిన పిల్లాడిలా ఉన్నాడు. దోమ మందు పాట ఎత్తుకున్నాడు. 'రైతు సోదరులారా' అనే మాట ఆయన జన్మలో ఎన్ని వేలసార్లు అని ఉంటాడో, ప్రతిసారీ హీరో గొంతే. ఆ రోజు ఆ మాట మధ్యలో విరిగింది. విరిగిన చోటునుంచి ఇంకేదో వచ్చింది. ఎండిపోయినట్టున్న, కాస్త ముక్కుతో పలికే, మా సందులో ఎవరింట్లోనైనా వినపడేలాంటి గొంతు. మేము వాయించడం ఆపేశాం. బాబాయ్ పుల్లలు పక్కన పెట్టి, "ఎవర్రా నువ్వు?" అన్నాడు. మామయ్య నవ్వుతూ ఏడ్చాడు, ఏడుస్తూ దగ్గాడు.

పని లేక షెడ్డు బయట చెట్టు నీడన కూర్చునే కూలీలు మా మొదటి శ్రోతలు. ఆడవాళ్ళు మొదట కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. "ఏందయ్యా ఆ గోల, పూనకమొచ్చినట్టు" అన్నారు. దోమ మందు పాటకి నవ్వు ఆగింది. మిల్లులో ఏదైనా కొంటారేమోనని నాలుగు బోరాల నల్లపత్తి తెచ్చుకుని కూర్చున్న ఓ రైతు లేచి మామయ్య దగ్గరకొచ్చాడు. కొడతాడేమోనని నేను భయపడ్డాను. "ఇంకోసారి అను," అన్నాడు. మామయ్య అన్నాడు. "ఇంకోసారి." మళ్ళీ అన్నాడు. ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయాడు. తిరుగు బస్సులో మామయ్య కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూ, "విన్నాడే రూతూ. నన్ను విన్నాడు," అన్నాడు. ఆ ముఖంలాంటి సంతోషమైన ముఖం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

అత్తయ్యకి ఇదంతా ఇష్టం లేదు. ఇష్టం ఎలా ఉంటుంది? డాక్టరుగారు త్వరపడమని కేకలేస్తుంటే ఈ మనిషి ఉన్న గొంతు కాస్తా చించుకుంటున్నాడు. "మీకు బుద్ధుందా మాస్టారూ? ఆయనంటే సరే, మీరు చదువుకున్నోళ్ళు గదా," అని సూర్యం మాస్టారుని వాకిట్లోనే నిలబెట్టి అడిగింది. మామయ్యే సర్దిచెప్పాడు. తిరణాల ఒక్కటి అవనిమ్మని, ఆ మర్నాడే ఆసుపత్రిలో చేరతానని బైబిలు మీద చెయ్యేసి ఒట్టుపెట్టాడు. మా వైపు శివరాత్రి తిరణాలంటే ఊరూరా మేడంత ఎత్తు వెదురు ప్రభలు కట్టి గుడికొండ కిందకి తెస్తారు. ప్రతి ప్రభ ముందూ ఒక స్టేజీ, ప్రతి స్టేజీ మీదా ఒక ఆర్కెస్ట్రా, ఎవరి మైకు గట్టిదైతే ఆ ఊరిదే గొప్ప. వేలమంది జనం. "ఒక్కసారి అంతమందికి వినిపించి ఇచ్చేస్తా సుగుణా," అన్నాడు. ఏమిటి ఇచ్చేస్తాడో ఆవిడ అడగలేదు. ఎన్నడూ ఆయన ప్రోగ్రాముకి రాని మనిషి, ఆ రోజు తలకి నూనె రాసుకుని, పెళ్ళినాటి చీర కట్టుకుని మాతో లారీ ఎక్కింది.

పొద్దు వాలుతుండగా స్టేజీ ఎక్కాం. మమ్మల్ని పిలిచిన ఊరి పెద్ద మామయ్యకి పాత అభిమాని. అత్తయ్యని ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. మామయ్య మైకు ముందుకొచ్చి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. మా దగ్గరున్న పాటలన్నీ వరసగా, ఊపిరి తీసుకునే సందు కూడా లేకుండా వాయించేశాం. నేను బేస్ వాయిస్తూ ఆయన వీపు వెనక బిగుసుకున్న వేళ్ళనే చూస్తూ నిలబడ్డాను. ఆ గొంతు వచ్చింది. మిల్లులో కంటే బాగా వచ్చింది. పక్క ప్రభల మైకుల్ని దాటుకుని కొండదాకా పోయింది. చివరి కేక అయ్యాక మామయ్య కళ్ళు తెరిచి జనం వంక చూశాడు. జనం మరమరాలు తింటున్నారు. పిల్లలకి బూరలు కొంటున్నారు. ఎవరూ అల్లరి చెయ్యలేదు, ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఊరి పెద్ద నవ్వుతూ మెట్ల దాకా వచ్చి, "టెస్టింగ్ అయిపోయిందా దేవసాయంగారూ? సెట్టు బ్రహ్మాండంగా పలుకుతోంది. ఇంక మొదలెట్టండి మరి," అన్నాడు.

ఆయన తప్పేమీ లేదు. ఆర్కెస్ట్రా ఎక్కగానే మైకులో హలో హలో అని అరిచి, డ్రమ్ములు ఇష్టమొచ్చినట్టు కొట్టి, గిటారు గోకి చూసుకోవడం మా అందరికీ అలవాటే. జనానికీ అలవాటే. ఆ అరుపులన్నీ అదే అనుకున్నారు. సూర్యం మాస్టారు ముందుకొచ్చి చెప్పబోయాడు. మామయ్య చేత్తో వారించాడు. ఎవరో వెనకనుంచి ఒక సినిమా పాట పేరు కేకేశారు. మామయ్య మావైపు తిరిగి చూశాడు. ఆ చూపు నాకిప్పటికీ మింగుడుపడదు. తర్వాత ఆయన చేతులు విడిపోయాయి. కుడిచెయ్యి మెల్లగా లేచి చెవి మీదకి వెళ్ళింది. పాట ఎత్తుకున్నాడు. అచ్చం రేడియోనే. పొలం గట్లదాకా చప్పట్లు. "వన్స్ మోర్!" అన్నారు. వన్స్ మోర్ అంటే కాదనకూడదన్నది ఆర్కెస్ట్రా ధర్మం. మళ్ళీ పాడాడు. ఇంకోటి అడిగారు. అదీ పాడాడు. చప్పట్లు మోగిన ప్రతిసారీ ఆయన ముఖం వెలిగింది, అదీ అబద్ధం కాదు. మధ్యలో జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మడత పెట్టి జేబులో దాచుకునేటప్పుడు దాని మీది ఎరుపు నాకు కనపడింది. మిగిలి ఉన్న గొంతునంతా వేరేవాళ్ళ గొంతులకి పోసేసి కిందకి దిగాడు. లారీలో అత్తయ్య పక్కన కూర్చుని, "ఎట్లా పాడా?" అన్నాడు, మళ్ళీ హీరో గొంతు తెచ్చుకోబోయి. సగమే వచ్చింది. "బాగా పాడావు," అంది అత్తయ్య చీకట్లోకి చూస్తూ.

కొరివికారం అక్కడితో సరి. ఇప్పుడు మా వీధి చివర పెంపుడు కుక్క మొరిగినా ఫోనులో పట్టి పదిమందికి పంపుతున్నారు. నా మనవరాలు పుట్టగానే ఏడ్చిన ఏడుపు కూడా దాచిపెట్టారు. మాకు ఆ పాటలు క్యాసెట్లో పట్టాలన్న ఆలోచనే రాలేదు. రికార్డింగులు సినిమావాళ్ళవీ, మనం వాళ్ళని చూసి పాడేవాళ్ళం, అంతే మాకు తెలిసింది. పెళ్ళి క్యాసెట్లు మాత్రం ఇంకా కొందరి ఇళ్ళల్లో ఉన్నాయి. వాటిలో మామయ్య ఉన్నాడు, ఎన్నో గొంతుల్లో. ఒక్కటీ ఆయనది కాదు. ఆపరేషన్ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. అత్తయ్యని పిలవాలంటే స్టీలు గ్లాసుని గోడకేసి కొట్టేవాడు. సీజన్లో సందంతా దగ్గుతుంటే ఆయన ఒక్కడే నిశ్శబ్దంగా, మెడమీద పల్చటి గుడ్డ కప్పుకుని, వాకిట్లో కూర్చునేవాడు. "నేనా పని మానేసుంటే" అని అత్తయ్య ఇప్పటికీ అంటుంది. డాక్టరుగారు చెప్పారు, నేను చెప్పాను, మామయ్య చేతులూపి మరీ చెప్పాడు. ఆవిడ నమ్మలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున ఆయన్ని చక్రాల బల్ల మీద పడుకోబెట్టి వరండాలో తోసుకెళ్తున్నారు. సూర్యం మాస్టారు, మస్తాన్ బాబాయ్, అమ్మ, నేను ఒక పక్క నడుస్తున్నాం. అత్తయ్య రెండోపక్క ఆయన చెయ్యి పట్టుకుని నడుస్తోంది. ఏదైనా మాట్లాడతాడేమోనని అందరం ఆయన నోటి వంకే చూస్తున్నాం. ప్రార్థన చేస్తాడనుకున్నాను. తిరణాల గురించి అంటాడనుకున్నాను. ఏదైనా గొంతు చేసి మమ్మల్ని నవ్విస్తాడేమోనని కూడా అనుకున్నాను. తలుపు దగ్గరకి వచ్చేసరికి ఆయన తల పక్కకి తిప్పి కిందకి చూశాడు. "సుగుణా, కొంగు చక్రంలో పడుద్ది, పైకి తీసుకో," అన్నాడు. మిల్లులో విన్న గొంతు అది. అరుపు లేదు, కోపం లేదు, రోజూ ఇంట్లో మాట్లాడే మనిషి మాట్లాడినట్టు అన్నాడు. అత్తయ్య గబుక్కున కొంగు లాక్కుని నడుముకి దోపుకుంది. ఆవిడ తలెత్తేసరికి తలుపు మూసుకుంది.

తర్వాత నేను చాలా ఏళ్ళు స్టేజీల మీద పాడాను. ఎందరి గొంతుల్లోనో పాడి ఎన్నో చప్పట్లు కొట్టించుకున్నాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు తలుపులు వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ నాలుగు మాటలూ అనడానికి ప్రయత్నించాను. సుగుణా, కొంగు చక్రంలో పడుద్ది, పైకి తీసుకో. మాటలన్నీ సరిగ్గానే వస్తాయి. ఆ గొంతు నాకు రాదు.